చింతచెట్టు మీద గబ్బిలాలు, కింద మా క్లాసు

పులి కోసం వచ్చినవాళ్లు

వన్యప్రాణుల కోర్సులో చేరేవాళ్లలో సగం మంది పులి కోసం వస్తారు. ఆకుపచ్చ టోపీ, మెడలో బైనాక్యులర్, అడవిలో జీపు. వాళ్ల ఊహలో ఉద్యోగమంటే ఇదే. ఇందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే చేరాను. యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో అడవిలో పులిని చూసింది మాత్రం ఒక్కసారే, అదీ వెనక భాగం.

నేను చెప్పిన పాఠాలు రెండు. ఒకటి వన్యప్రాణుల జీవావరణ శాస్త్రం, రెండోది పరిశోధనా పద్ధతులు. మొదటిదానికి క్లాసు నిండేది. రెండోదానికి హాజరు తీసుకుంటే తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. రిటైరయ్యాక చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చే పాత విద్యార్థులు మాత్రం రెండోదాని గురించే మాట్లాడతారు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పగలిగిందీ దాని గురించే.

మొదటి రోజు క్లాసులో ఒక ప్రశ్న అడిగేదాన్ని. "పొద్దున ఇంట్లోంచి బయల్దేరి ఇక్కడికొచ్చేలోగా ఏ జంతువుల్ని చూశారు?" చాలామంది "ఏం చూడలేదు మేడం" అనేవాళ్లు. నారాయణగూడ చౌరస్తా మీదుగా, మాంసం దుకాణాల పైన గద్దలు తిరుగుతుంటే, వాటి కిందనుంచే బస్సులో వచ్చినవాళ్లు ఆ మాట అనేవారు. ఆ రోజు ఇంకేం చెప్పేదాన్ని కాదు. అందరినీ బయటికి పంపి, గంట తిరిగి రమ్మనేదాన్ని.

అట్లా తిరిగొచ్చిన ఒక బ్యాచ్‌లో స్వప్న ఉంది. కరీంనగర్ దగ్గరి పల్లెటూరి అమ్మాయి, అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉండేది. ఆ హాస్టల్ నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే. పాఠం కోసం యూనివర్సిటీకి పోయేది ఈమె ఒక్కతే. తర్వాత నా దగ్గరే పరిశోధనకు చేరింది. ఆమె కథ చెబితే నా ఉద్యోగం కథ చాలావరకు చెప్పినట్టే.

కిటికీలోంచి కనబడ్డ చెట్టు

స్వప్న గబ్బిలాల మీద పని చేస్తానంది. పెద్ద జాతి గబ్బిలాలు, పగలంతా చెట్టుకు నల్ల సంచుల్లా వేలాడి, మునిమాపు వేళ పండ్ల కోసం ఎగిరిపోయేవి. హాస్టల్ పెరట్లో ఒక ముసలి చింతచెట్టు మీద కొన్ని ఉండేవి. గోడ అవతల, ఎవరూ ఉండని పాత బంగళా ఆవరణలో రెండు నిద్రగన్నేరు చెట్ల మీద చాలా ఉండేవి.

"ఆ చెట్లనే ఎందుకు ఎంచుకున్నావు?" అని అడిగాను.

"మా రూం కిటికీలకెళ్లి కనబడతయి మేడం."

పక్కనున్న సీనియర్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఈ ప్రశ్నకు చాలామంది పెద్ద పెద్ద కారణాలు రాస్తారు. దగ్గరగా ఉందనో, బస్సు సౌకర్యముందనో ఎవరూ రాయరు. నిజం ఎక్కువసార్లు అదే. నిజం రాస్తే దాని హద్దులేమిటో కూడా తెలుస్తాయి. కిటికీలోంచి కనబడే చెట్లు ఊళ్లోని చెట్లన్నింటి తరఫునా మాట్లాడలేవు. ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు, పని మొదలుపెట్టొచ్చు.

హాస్టల్ నడిపేది సుగుణమ్మ. కవాడిగూడలో పుట్టి పెరిగిన మనిషి. గొంతు పెద్దది, వంట బాగుంటుంది, పిల్లలంతా ఆంటీ అని పిలిచేవారు. మేడ మీద నిలబడి గబ్బిలాలు లెక్కపెడతామంటే మొదట నమ్మలేదు.

"లెక్కపెట్టి ఏం జేస్తరు మేడం?"

"ఎన్ని ఉన్నయో తెలుస్తది."

"తెలిస్తే?"

"వచ్చే ఏడు పెరిగినయా తగ్గినయా చెప్పొచ్చు."

"గదా పని!" అని ఆమె కిందికి పోయింది. కాసేపటికి అందరికీ చాయ్ పంపింది.

పొద్దు గుంకేటప్పుడు గబ్బిలాలు చెట్టు వదిలి ఆకాశంలోకి వరుస కడతాయి. అప్పుడు లెక్కపెట్టాలి. క్లాసు మొత్తాన్ని మేడ మీద దూరం దూరంగా నిలబెట్టి, ఎవరి లెక్క వాళ్లే వేసుకోమనేదాన్ని. చివర్లో అంకెలు పోలిస్తే ఒకరికీ ఒకరికీ పొంతన ఉండేది కాదు. మొదటిసారి అలా జరిగితే పిల్లలు సిగ్గుపడ్డారు. రెండోసారి పోయేసరికి అందరి అంకెలూ చక్కగా దగ్గర దగ్గరగా వచ్చాయి. మెట్ల దగ్గర మాట్లాడుకుని సర్దుకున్నారని ఇట్టే తెలిసింది.

పరిశోధన పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. పక్కవాడికన్నా తక్కువ చూశామనిపించుకోవడం ఇష్టం లేక మంచి పిల్లలే ఆ పని చేస్తారు. మీ అంకెలు కలవకపోవడం కూడా ఒక ఫలితమే, ఆ తేడా ఎంతో తెలియకపోతే మీ లెక్కకు విలువే లేదు అని చెప్పాను. సర్దిన కాగితాలు చింపించి మళ్లీ లెక్కపెట్టించాను. మార్కులు మాత్రం తగ్గించలేదు. తగ్గిస్తే ఇంకోసారి ఇంకా తెలివిగా సర్దుతారు.

జ్వరం

రెండో వానాకాలంలో హాస్టల్‌లో ఒకమ్మాయికి గట్టి జ్వరం వచ్చింది. అదే వారం టీవీల్లో కేరళ వార్తలు. గబ్బిలాల నుంచి మనుషులకు వైరస్ సోకిందని, మనుషులు చనిపోయారని రోజంతా చూపిస్తున్నారు. ఎవరో హాస్టల్ చెట్టు ఫొటో తీసి, ఆ వార్త పక్కన పెట్టి ఫోన్లలో తిప్పారు. ఊళ్లనుంచి తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. కొందరు ఆటో తెచ్చుకుని పిల్లల్ని తీసుకుపోయారు.

సుగుణమ్మ చెట్లు కొట్టేవాళ్లను మాట్లాడింది. స్వప్నను పిలిచి, "నువ్వు జర వేరే హాస్టల్ జూస్కో బిడ్డా" అంది. ఆ పిల్ల రోజూ గబ్బిలాల కింద తిరుగుతుంది కాబట్టి జ్వరం ఆమెతోనే లోపలికి వచ్చిందని మిగతా పిల్లలు అంటున్నారట. కంచం దగ్గర ఎవరూ ఆమె పక్కన కూర్చోవడం లేదు. ఊర్లో తండ్రి చదువు చాలు, వచ్చెయ్యమంటున్నాడు.

స్వప్న ఇవన్నీ చెబుతూ ఏడవలేదు. "రూం పోతే పోనీ మేడం. చెట్టు గొడితే మాత్రం నా థీసిస్ ఉండదు" అంది.

సుగుణమ్మకు ఫోన్ చేశాను. చెట్టు మీద చెయ్యి పడకముందు ఒక్కసారి అందరితో మాట్లాడనివ్వమని అడిగాను. "ఆదివారం రాండ్రి. అమ్మనాయినలు గూడ వస్తరు. మీరు చెప్పేది చెప్పుండ్రి, తర్వాత నా ఇష్టం" అంది.

మా హెడ్ సలహా

ఈ సంగతి మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కి చెప్పాను. ఆయనది తెనాలి వైపు, చాలాకాలంగా విద్యానగర్‌లో ఉంటున్నారు. చెడ్డ మనిషి కాదు. నోటితో పని జరిపించుకోవడంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు. మాకు ఫీల్డుకి వెళ్లడానికి వ్యాను తెప్పించింది ఆయనే.

"ఏముందమ్మా, ప్రమాదం ఏమీ లేదని ఒక్క ముక్క చెప్పి వచ్చేయండి" అన్నారు.

"ఆ చెట్ల మీది గబ్బిలాలకు ఎవరూ పరీక్ష చేయలేదు సార్. లేదని ఎలా చెప్తాను?"

"ఉందని చెప్పగలరా?"

"అదీ చెప్పలేను."

"మరి ఇంకేం? జనం ముందు తెలియదు అన్నారంటే గొడ్డలి తీసుకుంటారు. మీరు 'కానీ' అనగానే ముందు చెప్పిందంతా మర్చిపోతారు. మనవైపు నుంచి మాట గట్టిగా ఉండాలి."

ఆయన మాటలో సగం నేను ఒప్పుకోలేదు, సగం తీసుకున్నాను. జనం 'కానీ' తర్వాతిదే వింటారన్నది నిజం. అందుకే ఏది ముందు చెప్పాలో, ఏది చివర చెప్పాలో రాసుకుని, తలకిందులు చేసి మళ్లీ రాసుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెబుతున్నాను. నచ్చని బాసు దగ్గర కూడా పనికొచ్చే ముక్క ఏదో ఒకటి ఉంటుంది. మొత్తం మింగక్కర్లేదు, మొత్తం పారెయ్యక్కర్లేదు.

భోజనాల హాలు

ఆదివారం హాస్టల్ భోజనాల హాల్లో బెంచీలు గోడకు జరిపి అందరినీ కూర్చోబెట్టారు. పిల్లలు, కొందరు తల్లిదండ్రులు, వీధిలోవాళ్లు. జ్వరం వచ్చిన అమ్మాయి తండ్రి ముందు వరసలో ఉన్నాడు. ఆమె ఆస్పత్రిలో ఉంది, పరీక్ష ఫలితం ఇంకా రాలేదు.

నేను చెప్పింది కొంచెమే. కొన్నిచోట్ల ఈ గబ్బిలాల్లో ఆ వైరస్ దొరికిన మాట నిజం. ఈ చెట్టు మీదివాటిలో ఉందో లేదో నాకు తెలియదు, ఇంతవరకు ఎవరూ చూడలేదు. సోకితే వాటి ఎంగిలి పడ్డ పండ్ల వల్ల, వాటిని చేతులతో పట్టుకోవడం వల్ల సోకే అవకాశం ఎక్కువ. ఇప్పుడు చెట్టు కొడితే అవి బెదిరి నాలుగు వీధులకు చెదిరి, మనుషులకు ఇంకా దగ్గరవుతాయి. చివరగా, ఏం చేయాలో చెప్పాను. నీళ్ల ట్యాంకుకు మూత పెట్టాలి, రాలిన కాయ తినొద్దు, చెట్టు కింద బట్టలు ఆరెయ్యొద్దు, కింద పడ్డ గబ్బిలాన్ని ముట్టుకోవద్దు.

ఆ తండ్రి లేచాడు. "అన్ని మాటలొద్దు మేడం. మీ బిడ్డయితే ఈ హాస్టల్‌ల ఉంచుతరా? అది చెప్పుండ్రి."

హాలంతా నావైపు చూసింది. "నా బిడ్డయితే, మీలెక్కనే ముందు ఆస్పత్రికి తీసుకపోత. డాక్టర్ ఏం చెప్తడో విన్నంక హాస్టల్ సంగతి ఆలోచిస్త. ఇప్పటికిప్పుడయితే, చెప్పిన జాగ్రత్తలు పాటిస్తే ఉంచుత" అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టు లేడు, కానీ కూర్చున్నాడు.

అప్పుడు వెనకనుంచి స్వప్న లేచింది. "అందరికన్న ఎక్కువ ఆ చెట్టు కింద నిలబడ్డది నేను. రెండేండ్ల సంది నిలబడుతున్న. నాకేమన్న అయ్యిందా? నన్ను జూస్తే తెలుస్తలేదా?"

మాట పనిచేసింది. కొందరు తలలూపారు. ఒకామె "అవును గదా" అంది. నేను అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. స్వప్న నా విద్యార్థి, ఆ హాల్లో నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి. పైగా ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు.

కానీ ఒక్క మనిషికి ఏమీ కాకపోవడం రుజువు కాదని ఏళ్ల తరబడి క్లాసులో చెప్పినదాన్ని. అదే లెక్కన, ఒక్క మనిషికి జ్వరం రావడమూ రుజువు కాదని ఆ తండ్రికి చెప్పబోతున్నదాన్ని. రెండూ ఒకటే తప్పు. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకోలేను.

"స్వప్నకు ఏం కాలేదు, నాకు చాలా సంతోషం. అయితే దాన్నిబట్టి ఎవ్వరికీ ఏం కాదని చెప్పలేం. ఆమె మాట మీద ఆధారపడి ధైర్యంగా ఉండొద్దు, జాగ్రత్తల మీద ఆధారపడండి" అన్నాను.

స్వప్న మొహం మాడిపోయింది. నన్నే చూస్తూ నెమ్మదిగా కూర్చుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అంతా చెడగొట్టుకున్నాననే అనుకున్నాను.

సుగుణమ్మ మాత్రం పిల్లలవైపు తిరిగి, "ట్యాంకు మూత రేపు పెట్టిస్త. చెట్టు సంగతి ఆస్పత్రి కాగితం వచ్చినంక" అంది. నన్ను గేటు దాకా సాగనంపుతూ అసలు సంగతి చెప్పింది. "మీ పిల్లనే మీరు కాదన్నరు గదా మేడం. మీకు చెట్టు మీదనే పట్టింపు ఉంటే గట్ల అనరు. గందుకే ఆగిన."

గెలిచామా

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. డెంగీ. దోమలు ఎక్కడివని వెతికితే ఎండాకాలం వాడి మూలన పడేసిన కూలర్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. సుగుణమ్మ ఆ పూటే అన్నీ బోర్లించి కడిగించింది. ఆ అమ్మాయి కోలుకుంది. చెట్టు కొట్టడం ఆగింది. స్వప్న రూం కూడా ఉంది.

మా హెడ్ ఎదురుపడి, "చూశారా, ఆ మాటేదో ముందే గట్టిగా చెప్పి ఉంటే మీకింత శ్రమ ఉండేది కాదు" అన్నారు. స్వప్న వారం పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఏమడిగినా "ఆఁ మేడం" అని ఊరుకునేది. చివరికి ఒకరోజు ల్యాబ్‌లో ఆమే అడిగింది.

"అందరి ముందర నన్ను అట్లెందుకన్నరు మేడం? డెంగీ అని తేలింది గదా. మనమే గెలిచినం."

"డెంగీ అని తేలింది ఆ పిల్ల రక్తంలో. గబ్బిలాల గురించి ఏం తేలింది?"

"ఏం తేలలె" అంది.

"ఒకవేళ డెంగీ కాదని వచ్చి ఉంటే, ఆ రోజు మనం చెప్పిన మాటల్లో ఏవి తప్పయ్యేవి?"

"మీరు చెప్పినయి ఏవీ తప్పు కాకపోతుండె. నేను చెప్పింది అయితుండె."

అక్కడితో ఆ సంగతి ముగిసింది. ఆమె కోపం ఆ రోజే పోయిందని చెప్పను. సరైన మాట చెప్పినందుకు మనుషులు దూరం కావడం ఈ పనిలో ఉంటుంది. కొందరు తిరిగొస్తారు, కొందరు రారు. ఆమె వచ్చింది.

గోడ అవతల

చెట్లకు వచ్చిన అసలు ముప్పు మేమెవరమూ చూడనివైపు నుంచి వచ్చింది. ఎండాకాలం మొదట్లో బంగళా చేతులు మారింది. అపార్ట్‌మెంట్లు కడతారట. పద్ధతి ప్రకారం అనుమతులన్నీ తీసుకునే నిద్రగన్నేరు చెట్లు రెండూ కొట్టారు. నేను చేసిన విన్నపాలేవీ పనిచేయలేదు. రంపం ఆడుతుంటే పట్టపగలు గబ్బిలాలు గుంపుగా లేచి ఎండలో తిరిగాయి. కాకులు వెంటపడ్డాయి. కొన్ని ఎటు పోయాయో తెలియదు. మిగిలినవి గోడ దాటి హాస్టల్ చింతచెట్టు మీద వాలాయి. పొద్దుగూకేసరికి చెట్టు కొమ్మలు కనబడకుండా నిండిపోయింది.

స్వప్న ఫోన్ చేస్తే వెళ్లాను. సుగుణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది. ముందున్నవాటికి ఎన్నో రెట్లు. కంపు, గోల. ఈసారి ఆమెను ఆపడానికి నా దగ్గర మాటేమీ లేదు. అది ఆమె చెట్టు, ఆమె బతుకుతెరువు.

"ఇప్పుడేం జేస్తరు?" అని అడిగాను.

"ఏం జేస్త మేడం? అటు కొట్టిండ్రు, ఇటొచ్చినయి. ఇంక ఇటు గూడ కొడితే యాడికి పోతయి?" అంది విసుగ్గా. "పిల్లలకు ముక్కులు మూస్కొమ్మని చెప్తున్న."

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆమే ఫోన్ చేసింది. ఒక గబ్బిలం పిల్ల కింద పడిందట. "ముట్టలే మేడం. కాకులు పొడుస్తయని బుట్ట బోర్లించిన. జల్ది రాండ్రి."

స్వప్న, నేను తోలు గ్లోవ్స్ వేసుకుని చూశాం. బతికే ఉంది, రెక్కలు బాగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు తల్లి అందుకునేంత ఎత్తులో పెట్టి ఎదురుచూడటం ఒక పద్ధతి. నిచ్చెన వేసి, మెత్తటి గుడ్డ పరిచిన బుట్టను స్వప్న ఒక కొమ్మకు కట్టింది. సాయంత్రం ముగ్గురం మేడ మీద నిలబడ్డాం. గబ్బిలాలన్నీ ఎగిరిపోయాయి. బుట్ట దగ్గరికి ఏదీ రాలేదు. చీకటి పడ్డాక ఏమీ కనబడక దిగిపోయాం.

తెల్లారి చూస్తే బుట్ట ఖాళీ.

"తల్లి తీస్కపోయింది" అంది సుగుణమ్మ.

"పిల్లి గూడ కావొచ్చు ఆంటీ" అంది స్వప్న. ఆమె అనాల్సిన మాటే అది. చెట్టంతా బైనాక్యులర్‌తో కొమ్మ కొమ్మా వెతికి, ఒకచోట ఆగింది. "పిల్లను పట్టుకున్న తల్లి ఒకటి ఉంది. ఆ పిల్లనే అని చెప్పలేం. పిల్లలున్న తల్లులు చానా ఉన్నయి."

"ఇటియ్యి" అని సుగుణమ్మ బైనాక్యులర్ లాక్కుంది. ఎప్పుడూ పట్టుకుని ఎరగదు. స్వప్న వెనకనుంచి ఆమె చేతుల్ని సరిచేసి ఆ కొమ్మవైపు తిప్పింది. ఆమె చాలాసేపు కదలకుండా చూసింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తున్నా దించలేదు.

"గదే" అంది.

స్వప్న నావైపు చూసింది, ఏమంటానో అని. నేనేమీ అనలేదు. సుగుణమ్మ థీసిస్ రాయడం లేదు కదా.